కటాలన్నీ వరసగా వచ్చేశాయి, అయినా కుదరలేదంటున్నారు: ఎలా సాధన చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. వయసు ముప్పై ఆరు. విశాఖ మధురవాడలో పాపని కరాటేలో చేర్పించడానికి వెళ్ళి మీరూ చేరారు, నాలుగేళ్ళలో బ్రౌన్ బెల్ట్ (నల్ల బెల్ట్‌కి ముందుది) దాకా వచ్చారు. కరాటేలో షోటోకాన్ అనే పద్ధతి. కటా అంటే ఎదుట మనిషి లేకుండా, ఒక నిర్ణీత వరసలో చేసే దెబ్బలూ బ్లాకులూ అడుగులూ. హెయాన్ కటాలు అయిదూ, టెక్కి షోదాన్, బస్సాయ్ దాయ్ వరస తప్పకుండా చేస్తారు. అయినా మాస్టారు "అన్నీ వచ్చు, ఒక్కటీ కుదరలేదు" అంటున్నారు. రోజుకి ఎన్నిసార్లు చేస్తే కుదురుతుంది, ఈలోగా వీడియో చూసి కంకు దాయ్ అనే ఇంకో కటా మొదలుపెట్టొచ్చా అని అడిగారు.

సూటిగా చెబుతాను. కంకు దాయ్ ఇప్పుడు వద్దు. కటా మొత్తం చేసే సార్లు కూడా పెంచకండి, తగ్గించండి. రోజుకి పూర్తి కటా మూడుసార్లు చాలు. మిగతా సమయమంతా ఒక్క కటాలోంచి మూడు నాలుగు కదలికల ముక్క తీసుకుని, అందులో ఒక్క తప్పు పట్టుకుని, దాని మీదే ఉండండి. నేను చూసినంతలో ఆ తప్పు పంచ్‌లోనో బ్లాక్‌లోనో ఉండదు. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళే అడుగులో ఉంటుంది.

నేను 1994లో గాజువాకలో ఒక కమ్యూనిటీ హాలు గచ్చు మీద మొదలుపెట్టాను. ఇరవై ఏళ్ళుగా సాయంత్రాలు పిల్లలకీ, ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్ళకీ నేర్పుతున్నాను. మీ మాస్టారు అన్న మాటే మా మాస్టారు నన్నూ అన్నారు, అదీ బ్రౌన్ బెల్ట్‌లోనే. ఆ మాట విని నేను రోజుకి ఇరవైసార్లు చేయడం మొదలుపెట్టాను. ఏడాది తర్వాత అవే తప్పులు ఇంకా గట్టిపడ్డాయి.

ఎందుకలా అవుతుందో లెక్క వేసి చూడండి. హెయాన్ కటాల్లో మొదటిదైన హెయాన్ షోదాన్‌లో ఇరవై ఒక్క కదలికలు. మొత్తం కటా నిమిషంలోపే అయిపోతుంది. అందులో మీ తప్పు ఉన్న మలుపు అర సెకను. కటా మొత్తం ఇరవైసార్లు చేస్తే మీరు బాగా చేసేవే మళ్ళీ మళ్ళీ చేస్తున్నారు, ఆ అర సెకను తప్పుని మాత్రం ఇరవైసార్లు ఒంటికి అలవాటు చేస్తున్నారు. సరిదిద్దుకునే వ్యవధి ఎక్కడా లేదు, ఎందుకంటే అప్పటికే తర్వాతి కదలిక వచ్చేసింది.

మా మేనత్త విజయనగరం సంగీత కళాశాలలో వీణ నేర్చుకుంది. ఇంటికొచ్చే పిల్లలు సరళీ స్వరాలు మూడు కాలాల్లోనూ శుద్ధంగా వాయించే దాకా జంట స్వరాల జోలికి పోనిచ్చేది కాదు. మొదటి కాలంలో దొర్లిన తప్పు రెండో కాలంలో సరిగ్గా వినపడదు, మూడో కాలంలో అసలు తెలీదు, కానీ అక్కడే ఉంటుంది అనేది. నేను కటాని ఆ పద్ధతిలోనే చేయిస్తాను. మొదటి కాలంలో ఒక్కో కదలికకి ఒక నిండు శ్వాస, బలం ఏమీ వద్దు. రెండో కాలం క్లాసులో చేసే వేగం. మూడో కాలం పూర్తి బలంతో. నలభై నిమిషాలు సాధన ఉంటే పాతిక నిమిషాలు మొదటి కాలంలోనే గడపండి. మొదటి వారం విసుగొస్తుంది. తొడలు వణుకుతాయి. వేగంగా చేసినప్పుడు ఎక్కడెక్కడ ఊపుతో గట్టెక్కుతున్నారో అక్కడే నెమ్మదిగా చేస్తే తూలతారు. తూలిన చోటు గుర్తు పెట్టుకోండి, ఆ రోజు పని అదే.

ఇప్పుడు ఒక్క మలుపు దగ్గరగా చూద్దాం. హెయాన్ షోదాన్‌లో మూడు ఆగె ఉకేలు (ముంజేతితో పైకి ఎత్తే బ్లాకులు) వేసి, మూడోదానికి కియాయ్ (కడుపులోంచి వచ్చే అరుపు) ఇస్తాం. అది తొమ్మిదో కదలిక. అప్పుడు కుడి కాలు ముందుంది. పదోది ఎడమ గెదాన్ బరాయ్, అంటే కిందికి ఊడ్చే బ్లాక్. దానికోసం కుడి పాదం మీద తిరుగుతూ, ఎడమ కాలిని వెనకనుంచి తెచ్చి, ముప్పావు చుట్టు, అంటే 270 డిగ్రీలు తిరగాలి. తెల్ల బెల్ట్ నుంచి నల్ల బెల్ట్ దాకా తప్పు చేసే చోటు ఇదే. కియాయ్ ఇచ్చాక ఊపిరి ఖాళీ అవుతుంది, ఒళ్ళు పైకి లేస్తుంది, చూపు నేల మీద పడుతుంది, ఎడమ కాలు తెచ్చి కుడి కాలి గీతలోనే పెట్టేస్తారు. ముందు మోకాలు వంచి నిలబడే జెన్‌కుత్సు దాచిలో రెండు పాదాల మధ్య అడ్డంగా భుజాల వెడల్పు ఉండాలి. ఒకే గీత మీద పడితే తాడు మీద నడిచినట్టే. గెదాన్ బరాయ్ ఎంత గట్టిగా వేసినా పక్కనుంచి వేలితో నెడితే పడిపోతారు.

దీన్ని సరిచేయడానికి నేను చెప్పే వరస: ముందు మెడ తిరగాలి, చూపు వెళ్ళాల్సిన దిక్కుకి చేరాలి. తర్వాత ఎడమ కాలు వెనకనుంచి దాటి, రావాల్సిన చోటుకంటే ఇంకాస్త అవతలికి పడాలి. ఆ తర్వాత నడుము, ఆఖర్న చెయ్యి. ఈ నాలుగూ విడివిడిగా, మధ్యలో ఆగి ఆగి చేయండి. రోజుకి పదిహేనుసార్లు తొమ్మిది నుంచి పది, తొమ్మిది నుంచి పది, అంతే. పదిహేడో కదలిక తర్వాత కొకుత్సు దాచిలోకి (బరువు వెనక కాలి మీద ఉంచే భంగిమలోకి) ఇదే ముప్పావు చుట్టు మళ్ళీ వస్తుంది. ఒకటి కుదిరితే రెండోది సగం కుదిరినట్టే.

పాదం ఎక్కడ పడిందో తెలుసుకోవడానికి మన ఊళ్ళో సముద్రం కంటే మంచి అద్దం లేదు. ఆదివారం తెల్లవారుజామున ఆర్కే బీచ్‌కో, మీకు దగ్గర కాబట్టి రుషికొండకో వెళ్ళండి. అల వచ్చి వెనక్కి పోయాక గట్టిపడిన తడి ఇసుక ఉంటుంది చూడండి, అందులో ఏటవాలు తక్కువున్న చోటు వెతుక్కుని హెయాన్ షోదాన్ మొదటి కాలంలో చేయండి. చేసి, పక్కకొచ్చి మీ అడుగులు చదవండి. మడమ ముద్ర లేతగా ఉంటే వెనక కాలి మడమ లేస్తోంది. ముందు పాదంలో బొటనవేలి అంచు లోతుగా, చిటికెన వేలి వైపు తేలిగ్గా ఉంటే మోకాలు లోపలికి పడుతోంది. మలుపు దగ్గర ఒకే నున్నటి విల్లు గీసినట్టుంటే కాలు ఒక్కసారిగా వచ్చింది. రెండు మూడు చిన్న గీతలుంటే కాలు పెట్టాక సర్దుకున్నారు. మొదలైన చోటికే తిరిగి రావాలి, రెండడుగులు అవతల తేలితే మీ అడుగుల పొడవు ఒక్కో దిక్కుకి ఒక్కోలా ఉంది. అద్దం ముందు చేసినప్పుడు ఇవేవీ తెలియవు, ఎందుకంటే అద్దంలో మనం చేతులనే చూస్తాం.

రెండు జాగ్రత్తలు. సముద్రానికి వీపు పెట్టి నీళ్ళకి దగ్గరగా చేయకండి, మన ఊరి అలల సంగతి మీకు తెలిసిందే. రెండోది, ఇసుక మీద వేగంగా తిరగొద్దు. పాదం ఇసుకలో కూరుకుని అక్కడే ఉండిపోతుంది, ఒళ్ళు తిరుగుతుంది, మధ్యలో మెలిపడేది మోకాలు. ఇది నాకు జరిగింది. 2009లో ఒక హాల్లో కొత్తగా వేసిన రబ్బరు మ్యాట్ మీద పూర్తి బలంతో చేస్తున్నాను. ఇదే పదో కదలిక. అరికాలు మ్యాటుకి అతుక్కుపోయింది. మోకాలి లోపల టక్కుమని చప్పుడు వినిపించింది. తొడ ఎముకకీ కింది ఎముకకీ మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగిందని ఎమ్మారైలో తేలింది. ఎనిమిది నెలలు కటా లేదు. అందుకే కొత్త నేల మీద ఎప్పుడు చేసినా ముందు పాదం తిప్పి చూసుకుంటాను, జారుతుందా పట్టేస్తుందా అని. ముప్పై అయిదు దాటిన వాళ్ళు ఇది తప్పనిసరిగా చేయాలి.

బీచ్ రోజూ కుదరదు కాబట్టి ఇంటి దగ్గర పనికొచ్చేవి కూడా చెబుతాను. డాబా మీద బట్టలారేసే తాడు ఉంటుంది కదా, దాన్ని మీరు జెన్‌కుత్సు దాచిలో దిగినప్పుడు తలకి రెండు వేళ్ళ ఎత్తులో ఉండేలా కట్టండి. ఆ తాడు కిందే మూడు ఒయ్-జుకిలు (అడుగు వేస్తూ కొట్టే పంచ్‌లు) వేసుకుంటూ వెళ్ళండి. అడుగు మధ్యలో మోకాళ్ళు నిటారుగా చేస్తే తల తాడుకి తగులుతుంది. చాలామంది ప్రతి అడుగుకీ లేచి దిగుతారు, లేస్తున్నట్టు వాళ్ళకి తెలియను కూడా తెలియదు.

ఇంకోటి బెల్ట్ ముడి. ముడి ఎటు చూస్తే మీ నడుము అటు చూస్తోంది. గెదాన్ బరాయ్, ఆగె ఉకే లాంటి బ్లాకుల్లో ముడి పక్కకి, దాదాపు 45 డిగ్రీలు తిరగాలి. దాన్ని హన్మి అంటారని మీకు తెలుసు. పంచ్‌లో ముడి సూటిగా ముందుకి రావాలి. మొబైల్‌ని నడుము ఎత్తులో పెట్టి వీడియో తీసుకుని, ముడి ఒక్కటే చూడండి. రెండింట్లోనూ ముడి ముందుకే చూస్తోందంటే మీ చేతులు పనిచేస్తున్నాయి, నడుము నిద్రపోతోంది. వెనక కెమెరాతో తీయండి, సెల్ఫీ కెమెరాలో కుడి ఎడమలు తారుమారై గందరగోళపడతారు. ఒక వీడియోకి ఒకటే చూడాలని నియమం పెట్టుకోండి. అన్నీ ఒకేసారి చూస్తే బాధ తప్ప ఇంకేమీ మిగలదు.

మీరు అడగలేదు కానీ, బ్రౌన్ బెల్ట్ వాళ్ళలో నాకు తరచూ కనిపించేది తాళం లేకపోవడం. క్లాసులో "ఇచ్చి, ని, సాన్" అని లెక్కపెడుతూ చేయిస్తాం, ముప్పై మంది పిల్లలతో ఇంకో దారి లేదు. నాలుగేళ్ళు లెక్కకి చేసిన ఒంటికి అన్ని కదలికలూ ఒకే ఎడంతో పడతాయి. గడియారం కొట్టినట్టుంటుంది. లెక్క తీసేసి చేయమంటే ఎక్కడ ఆగాలో, ఎక్కడ కలపాలో తోచదు. నాకు నేర్పిన తాళంలో హెయాన్ షోదాన్ మొదటి రెండూ, బ్లాకూ పంచూ, ఒక జంట. మూడూ నాలుగూ ఒక జంట. ఆగె ఉకేలు మూడూ ఒకదాని వెనక ఒకటి ఒత్తిడి పెంచుకుంటూ పోవాలి, ఆఖరిదాని తర్వాత నిండుగా ఆగాలి. మీ మాస్టారి తాళం వేరుగా ఉండొచ్చు. ఆయన్నే అడగండి: "మాస్టారూ, ఇందులో ఎక్కడెక్కడ కలపాలి?" అని. ఆ ఒక్క ప్రశ్నకి ఆయన ఎంత సంతోషిస్తారో చూడండి.

తాళం పుట్టేది అర్థంలోంచి. నా దగ్గర ఒక ఇంజనీరింగ్ కుర్రాడు ఉండేవాడు, ఒంట్లో బలం ఉంది, కాళ్ళు బాగున్నాయి, కానీ నాలుగో కదలిక ఎప్పుడూ పేలవం. కుడి చెయ్యి ఒంటివైపు లాక్కుని, కుడి కాలు సగం వెనక్కి తెచ్చి, పిడికిలి పైనుంచి గుండ్రంగా తిప్పి సుత్తిలా దించే చోటది. చేత్తో గాల్లో సున్నా చుట్టినట్టు చేసేవాడు. ఒకరోజు వాడు మూడో కదలిక వేయగానే ఎదురెళ్ళి ఆ మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. "ఇప్పుడు నాలుగోది చెయ్" అన్నాను. చేత్తో లాగాడు, రాలేదు. ఇంకా బలంగా లాగాడు, భుజం నొప్పెట్టింది గానీ చెయ్యి రాలేదు. "కాలు దేనికుందిరా?" అన్నాను. కాలు వెనక్కి తెస్తూ ఒంటి బరువుతో సహా లాగాడు. నా బొటనవేలి సందులోంచి మణికట్టు ఊడి వచ్చేసింది, ఆ ఊపుకే పిడికిలి పైకి లేచి నా ముంజేతి మీద దిగింది. వాడు ఒక్క క్షణం అలాగే నిలబడిపోయాడు. ఆ తర్వాత వాడి నాలుగో కదలిక గురించి నేను మళ్ళీ చెప్పాల్సిన పని రాలేదు. మీ బస్సాయ్ దాయ్‌లో మీకు ఎందుకో తెలియని కదలికలు ఎన్నున్నాయో రాసుకుని, వాటి బుంకాయ్, అంటే ఆ కదలిక దేనికో, అడిగి తెలుసుకోండి. కుదరనివి చాలావరకు అవే అయి ఉంటాయి.

బస్సాయ్ దాయ్ సంగతి. నలభై రెండు కదలికలు, అన్నీ ఒకేసారి పట్టుకోలేరు. మొదటి కదలిక నుంచే మొదలుపెట్టండి: పిడికిలిని అరచేత్తో కప్పుకుని నిలబడి, ముందుకి దూకి, ఎడమ కాలు వెనక చేరి, కుడి ఉచి ఉకే (లోపలినుంచి బయటికి వేసే బ్లాక్). అక్కడ దూకడం పైకి కాదు, ముందుకి. పైకి ఎగిరినవాళ్ళు దిగాక ముందుకి తూలతారు. గోడ నుంచి రెండు మూరల దూరంలో ఆగేలా అక్కడికే దూకి ఆగడం సాధన చేయండి. ఎడమ పాదం వేళ్ళు కుడి మడమ వెనక చేరే క్షణమూ, చెయ్యి ఆగే క్షణమూ ఒక్కటే కావాలి. నాకు దీనికి మూడు నెలలు పట్టింది.

వీడియోల గురించి. చూడొద్దని చెప్పను, నేనూ చూస్తాను. కానీ దేన్ని చూస్తున్నారో తెలియాలి. మన హెయాన్ కటాలు 1900ల తొలి ఏళ్ళలో జపాన్‌లోని ఒకినావా దీవిలో బడి పిల్లల కోసం ఇతోసు అంకో అనే కరాటే గురువు కూర్చిన పినాన్ కటాలే. మన షోటోకాన్‌కి మూలపురుషుడైన ఫునకోషి గిచిన్ 1922లో టోక్యో వచ్చి కరాటే ప్రదర్శించి, అక్కడే ఉండి నేర్పుతూ, తర్వాత వాటికి హెయాన్ అని పేరు మార్చారు, మొదటి రెండింటి వరసా మార్చారు. కాబట్టి మన హెయాన్ షోదాన్ కోసం వెతుకుతూ షితో-ర్యూ అనే ఇంకో కరాటే పద్ధతి వాళ్ళ పినాన్ షోదాన్ చూశారంటే మీరు చూస్తున్నది మన నిదాన్‌ని. మనం కొకుత్సు దాచిలో కూర్చునే చోట వాళ్ళు చాలాసార్లు నెకో అషిలో (ముందు పాదం వేళ్ళు మాత్రం తేలిగ్గా ఆనించే పిల్లి భంగిమలో) నిలబడతారు. రెండూ సరైనవే, కలిపితే మాత్రం రెండూ చెడతాయి. అన్నిటికంటే ముఖ్యం, వీడియో మీకు వరస చూపిస్తుంది, మీ వెనక మడమ లేచిందని చెప్పదు. మీ దగ్గర ఇప్పటికే వరసకి కొదవ లేదు.

ఆ ఫునకోషి గారే కుర్రతనంలో అజాతో అనే తన గురువు ఇంటి పెరట్లో రాత్రిపూట ఒకే కటాని వారాలూ, ఒక్కోసారి నెలలూ, గురువు సరే అనే దాకా చేసేవాడినని తన ఆత్మకథలో రాసుకున్నారు. మీకు ఏడు కటాలు ఇచ్చారు. ఆయన లెక్కన మీ చేతిలో కొన్నేళ్ళ పని ఉంది.

వయసు దాటిపోయిందేమో అని ప్రశ్న చివర్లో రాశారు. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021 ఆగస్టులో, ఆడవాళ్ళ కటాలో బంగారు పతకం గెలిచిన స్పెయిన్ క్రీడాకారిణి సాండ్రా సాంచెజ్ వయసు అప్పటికి 39. అప్పటి నియమాల్లో 70 శాతం మార్కులు సాంకేతికతకి, 30 శాతం బలం, వేగం, నిలకడకి ఇచ్చేవారు. సాంకేతికత కింద స్టాన్సులు (నిలబడే భంగిమలు), టెక్నిక్‌లు అయ్యాక విడిగా ఇంకో అంశం ఉండేది: ఒక కదలిక నుంచి ఇంకోదానికి మారే తీరు. నేను పైనుంచీ చెబుతున్నది దాని గురించే.

గ్రేడింగ్, అంటే బెల్ట్ పరీక్ష, రెండు నెలల్లోపు ఉంటే మాత్రం ఇందులో సగం పక్కన పెట్టండి. పరీక్ష ముందు నడుమునో స్టాన్సునో లోతుగా మార్చబోతే పాతది పోతుంది, కొత్తది రాదు. అప్పుడు మూడే చూసుకోండి: తిరిగే ముందు చూపు, కియాయ్ నిజంగా కడుపులోంచి రావడం, ఆఖరి కదలిక తర్వాత వెంటనే వదిలేయకుండా నిలబడి, యామే (ఆపు) అన్నాక నెమ్మదిగా వెనక్కి రావడం. అసలు మరమ్మతు పరీక్షయ్యాక.

ఎండాకాలంలో మన ఉక్కపోతకి పొద్దున ఆరున్నర దాటాక డాబా మీద చేయకండి. చెమటకి పాదాలు తడిసి గచ్చు మీద జారతాయి, తుడుచుకోవడానికి గోనెపట్టా ఒకటి పక్కన పెట్టుకోండి. మజ్జిగలో కాస్త ఉప్పు వేసుకుని తాగండి, మాకు ఇదే అలవాటు.

పాపతో కలిసి చేయొచ్చా అని కూడా అడిగారు. తప్పకుండా చేయండి. తన ముందు మీరు మొదటి కాలంలో చేయండి, మీ మడమ లేచినప్పుడల్లా చెప్పమనండి. పిల్లలు మొహమాటపడరు, వాళ్ళ కళ్ళు నేలకి దగ్గరగా కూడా ఉంటాయి. ఈ ఆదివారం ఇద్దరూ ఇసుక మీదకి వెళ్ళి, పదో కదలిక దగ్గర మీ రెండు పాదాల మధ్య తన పాదాలు ఎన్ని పడుతున్నాయో పెట్టి చూడమనండి. ఎన్ని పట్టాయో, మలుపు దగ్గర విల్లు ఒకటే ఉందో, గీతలు విరిగాయో ఇక్కడే రాయండి. దాన్నిబట్టి తర్వాత ఏ ముక్క పట్టుకోవాలో చెబుతాను.